మిల్లు గొట్టం మీది దీపం

అతన్ని మిల్లులో అందరూ కాకి మేస్త్రీ అనేవారు. నల్లగా ఉంటాడని కాదు, అరుస్తాడని అంతకన్నా కాదు. ఎప్పుడు చూసినా ఎత్తున ఎక్కడో ఒకచోట వాలి ఉంటాడని. కాగితం మిల్లులో కరెంటు పని అతనిది. నేల మీద మోటార్లు, స్విచ్చులు చూడ్డానికి బోలెడంతమంది ఉన్నారు. కానీ నదిగట్టు మీద, మిల్లు షెడ్లకు దూరంగా, ఒంటరిగా నిలబడ్డ పొగగొట్టం తలమీద దీపం ఆరిపోయిందని కబురొస్తే చాలు, ఒకడికి నడుం పట్టేసేది, ఇంకొకడి అత్తగారికి ఒంట్లో బాగుండేది కాదు. "మన కాకి ఉన్నాడుగా" అనేవారు అంతా ఒక్క గొంతుతో. ఉన్నాడు మరి. పెళ్లి కాకముందు నుంచీ ఆ ఇనుప నిచ్చెన ఎక్కుతూనే ఉన్నాడు. మోకాళ్లు మొరాయించే వయసొచ్చినా ఎక్కుతూనే ఉన్నాడు.

ఇంట్లో ఆవిడ మాత్రం ఊరుకునే మనిషి కాదు. "ఆ గొట్టం మీకు మొదటి పెళ్లాం, నేను రెండోదాన్ని" అని దెప్పేది. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆవిడ కోపంలో సగం భయమేనని అతనికి తెలుసు. తెలిసినా ఏం చేస్తాడు, దీపం ఆరిపోతే ఎవరో ఒకరు ఎక్కాలి కదా!

వాళ్లకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు గొట్టం కింద నిలబడి, మెడ వెనక్కి వంచి, నాన్న చీమంత అయిపోయేదాకా చూసేది. పెద్దయ్యాక ఆ పిల్ల నాన్నను మించిపోయింది. వరదల్లో, కొండల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే హెలికాప్టర్‌లో ఉద్యోగం చూసుకుంది. తలుపు దగ్గర కూర్చుని, తాడు దించి, మనుషుల్ని పైకి లాగే పని. "కాకికి గద్ద పుట్టిందిరా" అని మిల్లంతా నవ్వుకుంది. "కాకిపిల్ల కాకికి ముద్దు, మీకేం తెలుసు" అని మేస్త్రీ మీసం సవరించుకునేవాడు. ఇంటావిడ మాత్రం ఎవరికీ వినబడకుండా, ఒకరు చాలరా నాకు అని ఏడ్చింది.

ఆ పిల్ల ఒకరోజు పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"నాన్నా, రాత్రి డాబా మీద నీళ్ల ట్యాంకు వెనకాల ఏం చేస్తున్నావ్?"

"ఏముందమ్మా, కాస్త గాలికి నిలబడ్డా."

"గాలి ఎర్రగా వెలుగుతుందా?"

మేస్త్రీ దొరికిపోయాడు. విషయమేమిటంటే, ముందు రోజు రాత్రి వాళ్లు ఊరి మీదుగా వెళ్లారట. తలకు, చీకట్లో చూసే రాత్రి కళ్లజోడు ఉందట. "దాంట్లోంచి చూస్తే సిగరెట్టు కొన కాగడాలా ఉంటుంది నాన్నా. నువ్వు దమ్ము లాగినప్పుడల్లా నీ మొహం, నీ ముక్కు, ట్యాంకు మీద రాసిన అక్షరాలు కూడా వెలిగాయి. నాతో ఉన్న పైలట్, ఎవరో పెద్దాయన బాగా దగ్గుతున్నాడే అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

వంటింట్లోంచి గిన్నె కిందపడ్డ చప్పుడు వినిపించింది. ఇంటావిడ విన్నదన్నమాట. ఇక ఆ పూట జరిగిన భాగోతం చెప్పను, ఎవరిళ్లలో వాళ్లు ఊహించుకోవచ్చు. చివరికి కూతురి చేతిలో చెయ్యి వేసి, ఇక ముట్టనని ఒట్టేశాడు. ఇంట్లో నిజంగానే ముట్టలేదు. మిల్లులో, తన పనిముట్ల సంచి అడుగున, ఇన్సులేషన్ టేపు పెట్టుకునే రేకుడబ్బాలో మాత్రం ఒక పెట్టె, ఒక లైటరు ఉండిపోయాయి. కాల్చడానికి కాదట, ఆపద్ధర్మానికట. మగాళ్ల ఒట్లు ఇలాగే ఏడుస్తాయి.

ఇలా ఉండగా మిల్లు మరమ్మతుల కోసం కొన్నాళ్లు ఆపారు. గొట్టం చల్లబడింది. ఇదే అదనని దాని మీది పాత బల్బులు తీసేసి, కొత్త ఎల్ఈడీ దీపాలు పెట్టమన్నారు. రూల్సు ప్రకారం ఎర్రగా ఉండాలి, దూరం నుంచి కనబడాలి. అవి రెండూ ఉన్నాయి. పైగా ఏళ్ల తరబడి ఆరిపోవట. మేస్త్రీ ఎక్కి, పాతవన్నీ దించి, కొత్తవి బిగించి వచ్చాడు. ఆ సాయంత్రం డాబా మీద నిలబడి ఇంటావిడకు చూపించాడు. నది అవతల, మబ్బుల కింద, దీపాలు దానిమ్మ గింజల్లా మెరుస్తున్నాయి.

"చూశావా? ఇదే ఆఖరి ఎక్కడం. ఇక నీ సవతి దగ్గరికి వెళ్లను."

"ఈ మాట మీదన్నా నిలబడండి" అంది ఆవిడ. అని, చాలాసేపు ఆ దీపాల వైపే చూస్తూ నిలబడింది. ఆవిడ సంతోషం అతనికి వెయ్యి ఏనుగుల బలమిచ్చింది.

తర్వాత వరసగా వాన పట్టింది. హెలికాప్టర్ రాత్రిళ్లు లేవలేదు. వాన తెరిపిచ్చిన రోజు మేస్త్రీకి సెలవు. మధ్యాహ్నం కూతురికి పిలుపొచ్చింది. కొండ వెనక రాళ్ల క్వారీలో చరియ విరిగి ఒక కూలీ కాలు నలిగిందట, రోడ్డు కూడా మూసుకుపోయిందట. పిల్ల ఉన్నపళంగా పరిగెత్తింది, స్వెట్టరు మర్చిపోయింది.

"పైన చలి చంపేస్తుంది, ఇచ్చి రండి" అంది ఇంటావిడ.

మేస్త్రీ బయల్దేరాడు. స్వెట్టరుతో పాటు, మిగిలిన ఒక కొత్త దీపాన్ని కూడా సంచిలో వేసుకున్నాడు. కూతురికి చూపించి గొప్పలు పోదామని. అది అతని అదృష్టమో, ఆ హెలికాప్టర్‌లో ఉన్నవాళ్ల అదృష్టమో గానీ, వేసుకున్నాడు.

హెలికాప్టర్ షెడ్డు ఊరి చివర. అతను వెళ్లేసరికి హెలికాప్టర్ ఎప్పుడో లేచిపోయింది. కూతురి స్నేహితురాలు మాత్రం ఉంది. రాత్రి కళ్లజోళ్లను రోజూ పరీక్షించి, తుడిచి, బ్యాటరీలు చూసి అప్పగించే అమ్మాయి. అతన్ని బాబాయ్ అని పిలుస్తుంది.

"స్వెట్టరు ఇక్కడ పెట్టండి బాబాయ్. వాళ్లొచ్చేసరికి చీకటి పడుతుంది. ఈలోగా కాఫీ తాగుతారా, కళ్లజోడు చూస్తారా?"

"కాఫీ ఎక్కడైనా దొరుకుతుంది. నన్ను పట్టించిన ఆ దొంగ కళ్లజోడు చూపించు" అన్నాడు.

ఆ అమ్మాయి పకపకా నవ్వి, పరీక్షల గదిలోకి తీసుకెళ్లింది. గోడలకు నల్లరంగు, తలుపుకు లోపల దుప్పటంత మందం తెర. పట్టపగలు కూడా అక్కడ కన్ను పొడుచుకున్నా కానరాదు. బల్ల మీద ఒక హెల్మెట్, దాని ముందు రెండు పొట్టి గొట్టాలు, ఆ బరువుకు తల ముందుకు వాలకుండా వెనక బ్యాటరీల పెట్టె. అది అతని నెత్తిన పెట్టి, పట్టీ బిగించి, గదిలో దీపం తీసేసింది. మూలన ఏదో పిసరంత మిణుగురు వెలుగు ఉంచిందట, అతనికి మాత్రం అదీ కనబడలేదు. గొట్టాలు కళ్ల మీదికి దించింది.

"ఓరి నీ!" అన్నాడు మేస్త్రీ.

గదంతా ఆకుపచ్చగా తేలింది. గోడకు కొట్టిన మేకు, తెర మీది మడతలు, బల్ల మీద అమ్మాయి చెయ్యి, అన్నీ కనిపిస్తున్నాయి. తన వేళ్లు ఆడించుకుని చూసుకున్నాడు. చిన్నపిల్లాడిలా నవ్వొచ్చింది.

"ఇది చీకట్లో చూసే కన్నేం కాదు బాబాయ్. చీకట్లో మిగిలిన కాస్త వెలుగును పెద్దది చేస్తుందంతే. వెలుగన్నది బొత్తిగా లేకపోతే ఇదీ గుడ్డిదే. ముందద్దం ఉన్న వెలుగును పోగేస్తుంది. దాని వెనక ఒక పొర, వెలుగు తగిలితే ఎలక్ట్రాన్లు రాలుస్తుంది. మీకు వాటి గురించి చెప్పక్కర్లేదుగా. అవి వెళ్లి జల్లెడలాంటి బిళ్లలో పడతాయి. దానికి లక్షల బెజ్జాలు. బెజ్జం గోడలకు కొట్టుకుంటూ ఒకటి పదై, పది వందై, వేలై అవతలికి దూకుతాయి. చివర్న మెరిసే తెరకు తగిలితే బొమ్మ."

"పాత టీవీలాగ."

"అచ్చం అంతే. కాకపోతే దీంట్లో రంగులు తెలీవు, ఎంత దూరంలో ఉందో తెలీదు, పక్కలు కనబడవు. మీ అమ్మాయి ఊరికే తల అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది, అందుకే. అలవాటైపోయి అన్నం తినేటప్పుడూ తిప్పుతుంది."

"మా ఆవిడ దానికి మెడ పట్టేసిందనుకుంటోంది" అని నవ్వి, మేస్త్రీకి తన గొప్ప గుర్తొచ్చింది. "ఉండు, నీకూ ఒకటి చూపిస్తా. ఈ కళ్లజోడుకే కళ్లు తిరగాలి." కళ్లజోడు పైకెత్తి, సంచిలోంచి కొత్త దీపం తీసి, బల్ల మీది ప్లగ్గుకు తగిలించాడు. నల్లటి గదంతా ఎర్రగా వెలిగింది. గర్వంగా గొట్టాలు మళ్లీ కళ్ల మీదికి దించాడు.

దీపం లేదు.

"ఆరిపోయిందేంటి? వదులుగా పెట్టానా?" అంటూ గొట్టాలెత్తాడు. దీపం వెలుగుతూనే ఉంది. దించాడు, లేదు. ఎత్తాడు, ఉంది. మళ్లీ దించాడు. ఈసారి దీపం ఉన్నచోటికి చెయ్యి చాపి, దాన్ని తడిమి పట్టుకుని, వెలుగుతున్న గాజును కంటి ముందుకే తెచ్చుకున్నాడు. గాజు కనిపించింది, దాని చుట్టూ ఇనుప గిన్నె కనిపించింది, వెలుగు లేదు.

"ఇదేదో తమాషాగా ఉందే" అన్నాడు.

ఆ అమ్మాయి నవ్వలేదు. అతని నెత్తి మీంచి హెల్మెట్ తీసి, తను పెట్టుకుని చూసింది. సొరుగులోంచి తీగ బల్బున్న పాత టార్చిలైటు తీసి వెలిగించింది, చూసింది. మళ్లీ ఎర్రదీపం వైపు చూసింది. ఎర్రటి వెలుగులో ఆమె పెదవులు బిగుసుకోవడం అతనికి కనిపించింది.

"బాబాయ్, ఇవి ఎక్కడన్నా పెట్టేశారా?"

"మిల్లు గొట్టం మీద పెట్టానుగా. వాన పట్టకముందే."

"పాతవి?"

"దించేశా."

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె గబగబా చెప్పింది. కళ్లజోడు ముందద్దానికి ఒక పూత ఉంటుంది. హెలికాప్టర్ లోపలి మీటర్ల వెలుగు కళ్లను కొట్టకుండా, మనిషికి కనబడే రంగుల్లో చాలావాటిని అది ఆపేస్తుంది. ఎరుపు చివర, ఆ ఎరుపు కూడా దాటాక మన కంటికి ఆనని వెలుగు, అదే లోపలికి వెళుతుంది. పాత బల్బు తీగ కాలి వెలుగుతుంది కాబట్టి ఆ ఆనని వెలుగు దాంట్లో దండిగా ఉంటుంది. ఈ కొత్త దీపం ఇచ్చేది ఒకే ఎరుపు. సరిగ్గా పూత ఆపేసే ఎరుపు.

"ఊళ్లో అందరికీ కనబడుతుంది బాబాయ్. వాళ్లకు మాత్రమే కనబడదు."

"పోనీ కళ్లజోడు కిందనుంచి ఓరగా చూడరా?"

"చూస్తారు. కానీ మీటర్లు చూసుకోవడానికే, బయటికి కాదు." ఆ అమ్మాయి బల్ల మీద వేలితో నదిలా ఒక గీత గీసింది. "మబ్బు కిందికి ఉన్నప్పుడు నది పట్టుకునే వస్తారు. మిల్లు దీపం వాళ్లకు గుర్తు. అది కనిపించగానే కుడికి తిరగాలి. కనిపించకపోతే ఇంకా మిల్లు రాలేదనుకుంటారు. తిన్నగా వచ్చేస్తారు."

మేస్త్రీ ఆ దీపాన్ని బల్ల మీద బోర్లించేశాడు. తిన్నగా వస్తే గొట్టమే. తన చేత్తో తనే, కూతురు వచ్చే దారిలో, ఉన్న దీపాన్ని ఆర్పి వచ్చాడు. పైగా దానిమ్మ గింజలని మురిసిపోయాడు!

రేడియో గదికి పరిగెత్తారు. రేడియో అతను పిలుస్తూనే ఉన్నాడు. కొండ అడ్డం, క్వారీలో ఫోన్లు పడిపోయాయి. అంతకుముందు వచ్చిన కబురు ఒకటే, మనిషిని రాళ్ల కిందనుంచి తీస్తున్నారని. "కొండ ఇవతలికి వస్తేగానీ మాట అందదు. ఇవతలికి వచ్చాక మిల్లు ఎంతసేపు? నేను పిలుస్తూనే ఉంటా, అందొచ్చు, అందకపోవచ్చు" అన్నాడతను. కిటికీ బయట వెలుతురు పోతోంది. మబ్బు కొండ మీద కూర్చుని ఉంది, చంద్రుడు లేడు.

"పాత బల్బులు స్టోర్‌లో ఉన్నాయి. ఒక్కటి వెలిగినా చాలా?" అన్నాడు మేస్త్రీ.

"ఒక్కటి చాలు" అంది అమ్మాయి, తన స్కూటరు తాళం అతని చేతిలో పెడుతూ.

ఎలా వెళ్లాడో అతనికే తెలీదు. మిల్లు గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ "సెలవు రోజు కూడానా కాకీ?" అంటుండగానే స్టోర్ తెరిపించి, తనే అప్పుడు ఎండుగడ్డిలో పేర్చిపెట్టిన పాత బల్బుల్లోంచి ఒకటి, హోల్డరు, తీగముక్క తీసుకున్నాడు. లాకర్లోంచి పనిముట్ల సంచి, నడుం పట్టీ తీశాడు. నిచ్చెన మీదికి ఫోను తీసుకెళ్లకూడదన్నది మిల్లు రూలు, అతని రూలు కూడా. ఫోను వాచ్‌మన్ చేతికిచ్చాడు. సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు.

"అయ్యో, అంతెత్తు ఎందుకు, ఇక్కడ కింద మంట వేద్దాం" అన్నాడు వాచ్‌మన్.

"వద్దు మావా! మంట చూస్తే ఎవరో ఆపదలో ఉండి పిలుస్తున్నారని ఇటే దిగుతారు. నేరుగా గొట్టం మీదికి."

మేస్త్రీ ఎక్కడం మొదలెట్టాడు.

నిచ్చెన చుట్టూ ఇనుప కడియాలు, మధ్యలో మనిషి. ఒక కొక్కెం తగిలించు, రెండోది తియ్యి, ఎక్కు. అతనికి కళ్లు మూసుకున్నా వచ్చే పని. కానీ అతనెప్పుడూ తొందరపడుతూ ఎక్కలేదు. తొందరపడేవాడు గొట్టం ఎక్కకూడదని కుర్రాళ్లకు తనే చెప్పేవాడు. ఇప్పుడు తొందర తప్ప ఒంట్లో ఇంకేం లేదు. వానకు తడిసిన మెట్లు జారుతున్నాయి. సగం దూరంలో ఎడమ మోకాలు తప్పుకుంది. ఒళ్లంతా ఒక్కసారి పక్కకు ఊగి, వీపు మీది సంచి కడియానికి ఠంగున తగిలింది. కొక్కెం పట్టి ఆపింది. కళ్లు మూసుకుని, ఇనుముకు నుదురు ఆనించి, "తల్లీ, కాస్త నెమ్మదిగా రా" అన్నాడు కూతురితో, ఆమె పక్కనే ఉన్నట్టు. మళ్లీ ఎక్కాడు.

పైకి చేరేసరికి చీకటి పడిపోయింది. అతనికి మాత్రం చీకటేం లేదు. కొత్త దీపాలు చుట్టూ భగభగా వెలుగుతున్నాయి. చేతులు ఎర్రగా, చొక్కా ఎర్రగా, చూరులా చుట్టూ ఉన్న ఇనుప పలక అంతా ఎర్రగా. ఊళ్లో ఏ డాబా మీదనుంచి చూసినా కనబడేంత వెలుగులో నిలబడ్డాడు. ఇంటావిడ కూడా ఇప్పుడు చూస్తూ ఉండొచ్చు. చూడాల్సినవాళ్లకు మాత్రం ఇక్కడ ఏమీ లేదు, ఉత్త చీకటి.

దీపాల తీగలున్న కరెంటు పెట్టె తెరిచి, ఒక కొత్త దీపం తీగ విప్పి, పాత హోల్డరు కలిపి, బల్బు తిప్పి బిగించాడు. స్విచ్చు నొక్కాడు.

వెలగలేదు.

తీగ చూశాడు, బాగానే ఉంది. బల్బు తీసి, ఎప్పుడూ చేసేలాగే చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల సన్నగా గలగలమంది. గాజు పగల్లేదు గానీ, లోపలి తీగ తెగిపోయింది. సంచి కడియానికి తగిలినప్పుడే పోయింది. తొందర, పాపిష్టి తొందర! ఇంకొకటి తేవాలంటే దిగాలి, మళ్లీ ఎక్కాలి.

అప్పుడే వినిపించింది. కొండ వైపునుంచి, ముందు ఈగ రొదలా, తర్వాత గుండెలో కొట్టుకున్నట్టు.

మేస్త్రీకి భయమేసింది. అన్నేళ్లలో ఆ గొట్టం మీద ఎప్పుడూ వేయని భయం. తను పడిపోతానని కాదు, ఆ పాటి చావుకు అతనెప్పుడో సిద్ధపడ్డాడు. నది మీద ఒక చిన్న వెలుగు ఆరుతూ వెలుగుతూ వస్తోంది. అది పైన లేదు, కింద లేదు. సరిగ్గా అతని కళ్ల ఎత్తున ఉంది. దాంట్లో తలుపు దగ్గర, స్వెట్టరు లేకుండా, తల అటూ ఇటూ తిప్పుతూ తన బిడ్డ కూర్చుని ఉంది. మిల్లు దీపం కోసం వెతుకుతూ ఉంటుంది. నాన్న పెట్టిన దీపం కదా, ఆరదని దాని నమ్మకం.

"అటు తిరగవే! కుడికి, కుడికి!" అని గొంతు చించుకుని అరిచాడు. గాలి ఆ మాటను నోట్లోంచే లాక్కుపోయింది.

పాత బల్బు, కాలే తీగ. కాలేది కావాలి. కాలేది ఏముంది? చేతులు వాటంతటవే సంచి అడుక్కి వెళ్లాయి. టేపు రేకుడబ్బా. మూత తీశాడు. ఆపద్ధర్మం అక్కడే ఉంది.

లైటరు నొక్కాడు, గాలి ఆర్పేసింది. మళ్లీ నొక్కాడు, ఆరిపోయింది. గొట్టం అంచుకు వీపు ఆనించి, చతికిలబడి, చొక్కా బొత్తాలు తెంపుకుని, తల లోపలికి దూర్చి, పెట్టెలో ఉన్న సిగరెట్లన్నీ కలిపి నోట్లో కుక్కుకుని వెలిగించాడు. ఛాతీ మీద వెంట్రుకలు చురచురమన్నాయి. లాగాడు. ఊపిరితిత్తులు నిండా లాగాడు. దగ్గు ముంచుకొచ్చింది, కళ్లలోంచి నీళ్లు కారాయి, అయినా వదల్లేదు. లేచి, పలక అంచుకు వచ్చి, కొక్కెం తగిలించి, నది వైపు తిరిగి నిలబడ్డాడు. లాగు, దగ్గు, లాగు. నిప్పు కొనలు అతని ముక్కు కింద భగ్గుమంటూ, మసకేస్తూ, మళ్లీ భగ్గుమంటూ.

అది వస్తూనే ఉంది. చప్పుడుకు పలక అదురుతోంది. హెలికాప్టర్ ముందద్దాల మీద తన దీపాల ఎరుపు మెరవడం కూడా అతనికి కనిపించింది. ఇంకొక్క దమ్ము. పీల్చాడు.

హెలికాప్టర్ ముక్కు పైకి లేచింది. కడుపు మొత్తం అతనికి చూపిస్తూ, పక్కకు ఒరిగి, కుడికి కోసుకుంటూ పోయింది. దాని గాలి అతన్ని గొట్టానికేసి కొట్టింది. నోట్లో సిగరెట్లన్నీ నిప్పురవ్వలై ఎగిరిపోయాయి. కొక్కెం మీద వేలాడుతూ, అతను దాని తోకదీపం పొలాల మీదుగా షెడ్డు వైపు దిగిపోయేదాకా చూశాడు. ఆ తర్వాత పలక మీద కూర్చుని భోరున ఏడ్చాడు. ఎవరు చూస్తారక్కడ, సిగ్గేముంది.

ఎలాగో దిగాడు. నేల మీద కూలబడ్డాడు. వాచ్‌మన్ నీళ్లిచ్చి, ఆ వెంటనే ఫోను చెవి దగ్గర పెట్టాడు.

"నాన్నా" అంది కూతురు. వెనకాల ఎవరో స్ట్రెచరు తోస్తున్న చప్పుడు. "మిల్లు గొట్టం మీద ఎవరో సిగరెట్టు కాలుస్తున్నారు."

"నేను కాదమ్మా" అన్నాడు మేస్త్రీ.

అలవాటు అలాంటిది. అనేశాక నాలుక కరుచుకున్నాడు. అవతల ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలీలేదు.

"రేడియోలో పిలుపు అందేసరికి మేం తిరిగేశాం నాన్నా. పైలట్ దాన్ని నక్షత్రం అనుకున్నాడు. మబ్బులో నక్షత్రమేంటన్నాను. భగ్గుమంటోంది, మసకేస్తోంది, మధ్యలో దగ్గినట్టు ఊగుతోంది. ఆ దగ్గు నాకు తెలీదా? కుడికి తిప్పు, అది మా నాన్న, ఆయన కింద గొట్టముంది అని అరిచాను. తిప్పాడు. ఆ కూలీ కూడా క్షేమంగానే ఉన్నాడు."

మేస్త్రీ చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

"నాన్నా, వింటున్నావా?"

"వింటున్నానమ్మా."

"పెట్టెలో ఇంకా ఉన్నాయా?"

"ఒట్టు. ఒక్కటి కూడా లేదు" అన్నాడు. ఈసారి నిజమే చెప్పాడు.

మర్నాడే ప్రతి కొత్త దీపం పక్కనా ఒక పాత బల్బు పెట్టించారు. చుట్టుపక్కల ఉన్న ఎత్తయిన కట్టడాలన్నింటికీ షెడ్డు నుంచి మనిషి వెళ్లి, కళ్లజోడులోంచి దీపాలు చూసి వస్తున్నాడు. పాత బల్బులు ఊరికే మాడిపోతాయి కాబట్టి కాకి మేస్త్రీ మళ్లీ గొట్టం ఎక్కుతున్నాడు, మోకాళ్లకు పట్టీలు కట్టుకుని, సంచిలో గుడ్డ చుట్టిన బల్బులు రెండేసి పెట్టుకుని. ఇంటావిడ దాన్ని సవతి అనడం మానేసింది. అతను ఎక్కే రోజు ఆవిడే సంచి సర్దుతుంది, రేకుడబ్బా మూత తీసి టేపు తప్ప ఇంకేం లేదని చూస్తుంది. లైటరు మాత్రం తీసెయ్యదు. తనే ఊపి, గ్యాసుందో లేదో చూసి, మళ్లీ లోపల పెడుతుంది.